తప్పు దిద్దిన నోరు

బయమ్మ రిజిస్టర్లో తప్పు పట్టినవాడు ఇంకా పుట్టలేదు. ఈ మాట బయమ్మే చెప్పుకునేది. నిజమే కనక చెప్పుకోవడంలో తప్పు కూడా లేదు. ముదిగుబ్బకు అవతల, వేరుశనగ చేల మధ్య బోడిగా నిలబడిన చిన్న సర్కారు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా నర్సమ్మ ఆమె. డాక్టర్లు వచ్చేవారు, పోయేవారు. ఒకాయనైతే వచ్చిన వారానికే బదిలీ కాయితం సంపాదించుకుని మళ్ళీ అదే బస్సెక్కాడు. బయమ్మ మాత్రం కదల్లేదు. చుట్టూ ఉన్న పద్నాలుగు పల్లెల్లో ఏ కోడలికి ఎన్నో నెల, ఎవరికి రక్తం తక్కువ, ఎవరికి పోయినసారి కాన్పు కష్టమైంది, అన్నీ ఆ పొడుగు పుస్తకంలో నీలం సిరాతో గుండ్రంగా రాసి ఉండేవి.

అంత మంచి మనిషికి ఒక్కటే జబ్బు. తప్పు వింటే ఊరుకోలేదు. పెళ్ళి పందిట్లో పురోహితుడు గోత్రం తప్పు చదివితే, అక్షింతలు చేతిలో పట్టుకునే "స్వామీ, అది కాదు" అని కేకేసిన మనిషి. బస్సులో ఎవరో ఇద్దరు కదిరి తేరు ఏ రోజని వాదించుకుంటుంటే, దిగాల్సిన ఊరు దాటిపోయినా సరే, వాళ్ళకు సరైన రోజు చెప్పి దిగింది. ఈ జబ్బుకు ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు. దీన్ని జబ్బు అంటారని కూడా, రెండువేల అయిదు ఎండాకాలం దాకా, ఆమెకు తెలియదు.

ఆ ఏడు సంక్రాంతికి ముందు హేమ మొదటిసారి ఆసుపత్రికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, అయిదో నెల. పేరడిగితే కిటికీ వైపు చూస్తూ "లహరి" అంది.

బయమ్మ పెన్ను కింద పెట్టేసింది. "అమ్మాయ్, సొంత పేరు చెప్పేవాళ్ళు నా మొగం చూసి చెప్తారు. నువ్వు కిటికీకి చెప్తాండావు. ఈ పుస్తకంలో అబద్ధం రాయను. రేపు కాన్పులో ఏమన్నా అయితే ఈ పుస్తకం చూసే కదా నీకు రక్తం ఎక్కించేది."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అసలు సంగతి బయటపడింది. తాడిపత్రి వైపు పెద్ద భూముల ఇంటి బిడ్డ. బండల ఫ్యాక్టరీ ఉంది, రాజకీయం ఉంది, ఇంట్లో పెత్తనమంతా చిన్నాయనది. ధర్మవరంలో కాలేజీకి పోతూ భరత్ అనే నేతగాళ్ళ పిల్లవాణ్ణి ఇష్టపడింది. ఇద్దరూ పెళ్ళి చేసుకుని పారిపోయి వచ్చి, ఈ ఆసుపత్రికి మూడు మైళ్ళ దూరంలో జిల్లేడుకుంట అనే పల్లెలో ఓబమ్మ అనే ముసలామె ఇంట్లో తలదాచుకున్నారు. ఓబమ్మ మగ్గం మీద భరత్ పట్టుచీరలు నేస్తున్నాడు.

"మా చిన్నాయనకు తెలిస్తే ఆయన్ని బతకనియ్యరక్కా," అంది హేమ. ఆయన అంటే భరత్.

"నా నోట్లో నుంచి రాదులే, భయపడొద్దు," అని హేమ తల నిమిరి, అసలు పేరు అసలు ఊరు రాసుకుంది బయమ్మ. తర్వాత ప్రతి నెలా సూది వేసింది, ఇనుము బిళ్ళలు ఇచ్చింది, అవి మింగకుండా దూలం మీద దాచిపెట్టినందుకు తిట్టింది. పిల్లకు పుట్టిల్లు దూరమైంది కదా అని, ఒకసారి ఇంట్లో చేసిన ఉలవచారు కూడా టిఫిన్ డబ్బాలో పట్టుకుపోయింది.

ఉగాది పోయిన రెండు వారాలకు, పొద్దున పదకొండు గంటలప్పుడు ఆసుపత్రి ఫోను మోగింది. డాక్టరు మీటింగని అనంతపురం వెళ్ళాడు. మందులిచ్చే ఆంజనేయులు సీసాలకు చీటీలు అంటిస్తున్నాడు. బయమ్మే ఫోనెత్తింది.

"జిల్లా ఆఫీసు నుంచి," అంది అవతలి గొంతు కటువుగా. "కడుపుతో ఉండే ఆడోళ్ళ రిజిస్టరు చూసేది ఎవురు?"

బయమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఫోనులో మనిషి కనబడడని ఆమెకూ తెలుసు. అయినా జిల్లా ఆఫీసు అంటే కాళ్ళు వాటంతటవే లేస్తాయి, ఏం చేస్తాం. "నేనే సార్, బయమ్మ."

"ఏం రాసినావమ్మా రిపోర్టు? కళ్ళుండి రాసినావా? హేమ అని ఒకామె, మొగుడు భరత్. తాడిపత్రి లిస్టులో ఉండాది, మీ లిస్టులోనూ ఉండాది. ఒకే మనిషి రెండు తావుల ఎట్లుంటాది? ఇరవై ఒక్కేండ్లు, నాలుగో నెల అని రాసినావు. అంతా తప్పుల తడక. మెమో వస్తాది నీకు."

తప్పా! తన రిజిస్టర్లోనా! బయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెమో భయం కన్నా ఆ తప్పు అన్న మాటే ఎక్కువ మండించింది. పుస్తకం లాగి, పేజీ తిప్పి, వేలు పెట్టి మరీ చదివింది.

"నాలుగో నెలా? ఎవురు సార్ చెప్పింది? ఎనిమిది నిండి తొమ్మిది వచ్చింది. ఇరవై ఒకటి కాదు, పంతొమ్మిదే. తాడిపత్రిలో ఎట్లుంటాది సార్, మా జిల్లేడుకుంటలో మగ్గం ఓబమ్మ ఇంట్లో ఉండాది. మొన్న శుక్రవారం నేనే పోయి చూసొచ్చినా. తప్పు తాడిపత్రి వాళ్ళది, నాది కాదు."

"అట్లనా," అంది గొంతు. కటువుతనమంతా ఎటు పోయిందో పోయింది. "అయితే తప్పు వాళ్ళదేలేమ్మా. చానా థాంక్స్." ఫోను పెట్టేశాడు.

బయమ్మ గర్వంగా కూర్చుంది. "చూసినావా అన్నా," అంది ఆంజనేయులుతో, "జిల్లా ఆఫీసోడికే తప్పు దిద్దినా. థాంక్స్ గూడా చెప్పినాడు."

ఆంజనేయులు చీటీ అంటించడం ఆపాడు. "థాంక్సా? జిల్లా ఆఫీసోడు నీకు థాంక్స్ చెప్పినాడా?"

అంతే. ఆ ఒక్క మాటతో బయమ్మ గర్వమంతా దిగిపోయింది. ఇరవై రెండేళ్ళలో జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్లన్నీ ఆమెకు గుర్తే. లెక్కల గుమాస్తా గంగాధరప్ప చేస్తాడు. పలకరింపు ఉండదు, "రిపోర్టు యాడ?" అంటాడు, ఠపీమని పెట్టేస్తాడు. ఆ ఆఫీసులో నర్సమ్మకు థాంక్స్ చెప్పే నోరు ఏ గోడ వెనకా లేదు. వెంటనే ఆఫీసు నంబరు తిప్పింది.

"నేను చేసినానా?" అని గంగాధరప్ప ఎగిరిపడ్డాడు. "నాకేం పనీపాటా లేదనుకున్నావా? మీ లిస్టు నేనింకా తెరిచిందే లేదు. పొద్దున్నుంచి ఇదే గోల, కదిరి పక్కనుంచి ఒకామె, ధర్మవరం పక్కనుంచి ఇద్దరు ఫోన్ చేసినారు, మా ఆఫీసు నుంచి ఎవురో హేమను గురించి అడిగినారంట. ఎవురా హేమ?"

బయమ్మ ఫోను పెట్టేసింది. ఆ పిల్ల కడుపుతో ఉందని ఎట్లో కనిపెట్టి, ఎవడో కనిపించిన ఆసుపత్రికల్లా ఫోను చేస్తూ వచ్చాడు. మిగిలినవాళ్ళందరూ ఆ పేరు లేదన్నారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర లేదు. ఉన్నది తన దగ్గర. అసలు పేరే రాయాలని పట్టుబట్టి రాసుకుంది తను. వయసు, ఊరు, ఇల్లు, నెల, అన్నీ పళ్ళెంలో పెట్టి వడ్డించింది తను. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా పెద్దలు.

"అన్నా, నేను ఆ పిల్లను చంపేసినా," అంది. ఆంజనేయులుకు సంగతంతా ఏడుస్తూ చెప్పింది.

ఆంజనేయులు చెడ్డవాడు కాదు, భయస్తుడు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "అక్కా, నువ్వే చెప్పినావని ఎవురికి తెలుసు? ఎవురూ చూడలే. గమ్మునుండు. వాళ్ళు మామూలోళ్ళు కాదు, మధ్యలో పోతే నిన్నూ బతకనియ్యరు. నీకూ బిడ్డలుండారు కదా."

అదీ నిజమే. బయమ్మ ఒక నిమిషం, నిజంగా ఒక నిమిషం, అట్లాగే కూర్చుంది. మనిషి కదా, ప్రాణమంటే ఎవరికి తీపి కాదు. కానీ ఆ నిమిషంలో ఆమెకు తట్టింది ఒకటే: తాడిపత్రి నుంచి జీపులో ఇక్కడికి రెండున్నర గంటలు పడుతుంది. పదకొండు నుంచి లెక్కేస్తే ఒంటి గంటన్నర. అప్పటిదాకా జిల్లేడుకుంటలో ఆ పిల్ల మొగుడికి అన్నం పెడుతూ, ఏమీ తెలియకుండా ఉంటుంది.

"నీ మోపెడ్ తీ అన్నా," అంది లేచి. "నువ్వు రాకపోతే నడిచైనా పోతా."

ఆంజనేయులు తిట్టుకుంటూనే మోపెడ్ తీశాడు. ఆ ఎండలో, ఆ రాళ్ళ దోవలో, ఇద్దర్నీ మోయలేక అది రెండు సార్లు ఆగిపోయింది. రెండోసారి బయమ్మ దిగి, చెప్పులు కాలుతున్నా వెనక నుంచి తోసింది. "నా నోరు పడిపోనూ, నా నోరు పడిపోనూ," అని తోసినంతసేపూ అనుకుంటూనే ఉంది.

వెళ్ళేసరికి హేమ వసారాలో కాళ్ళు చాపుకుని కండెలకు పట్టు నూలు చుడుతోంది. లోపల మగ్గం చప్పుడు వినబడుతోంది. బయమ్మను చూసి "ఏమక్కా, ఇంత ఎండలో వచ్చినావు, ఉండు నీళ్ళు తెస్తా," అని పొట్ట పట్టుకుని లేవబోయింది.

ఆ నీళ్ళు తాగే మొహం తనకు లేదనిపించింది బయమ్మకు. "కూర్చో. నీళ్ళొద్దు. హేమా, ఎవురో ఫోన్ చేసినారు. నువ్వు యాడుండావో చెప్పేసినా. నేనే చెప్పినా," అంది. అబద్ధం చెప్పొచ్చు, ఎట్లో తెలిసిపోయిందంట అనొచ్చు. అనలేదు.

మగ్గం చప్పుడు ఆగిపోయింది. భరత్ బయటికి వచ్చాడు. వాడి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఓబమ్మ గడప మీదే కూలబడింది. బయమ్మను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది.

"ఎట్ల అడిగినాడక్కా?" అంది హేమ.

"యాడుందని అడగలే. అంతా తప్పుగా చెప్పినాడు. నెల తప్పు, వయసు తప్పు, ఊరు తప్పు. నేను దిద్దినా."

హేమ నవ్వింది. ఏడుపొచ్చే ముందు వస్తుందే, ఆ నవ్వు. "అది మా చిన్నాయనే అక్కా. ఆయన ఎవురినీ ఏమీ అడగడు. తప్పు మాట అంటాడంతే. కాలేజీ నుంచి ఇంటికి పోయినప్పుడు నన్నూ అట్లే చేసినాడు. 'ఎవురో బస్సు కండక్టరంట కదమ్మా, నీ కోసం తిరిగేది' అన్నాడు నవ్వుకుంటా. నేను ఊరుకోలేక 'కండక్టరెందుకు, మగ్గం నేస్తాడు' అంటి. ఆ పొద్దు నుంచే కదా మాకు ఈ గతి. నేనే తప్పించుకోలేకపోయినా, నిన్నేమనేది?"

బయమ్మ ఆ పిల్ల చేతులు పట్టుకుని భోరుమంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు, పంతొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర చిన్నబిడ్డలా ఏడ్చింది. అప్పుడు ఓబమ్మే కసిరింది. "ఏడ్చేది తర్వాత ఏడుద్దురులే. ముందు వీళ్ళను ఈడనుంచి పంపండి."

పన్నెండున్నరకు రోడ్డు మీదికి బస్సు వస్తుంది. రెండు జతల బట్టలు, మందు బిళ్ళలు సంచిలో పెట్టుకున్నారు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే వదిలేశారు. భరత్ దోవలో "మా మేనత్త ఒకామె" అని ఏదో చెప్పబోయాడు.

బయమ్మ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పొద్దప్పా. యాడికి పోతాండారో నాకు చెప్పొద్దు. తెలిస్తే కదా నోరు జారేది." ఒక చీటీ మీద హేమ రక్తం గ్రూపు, వేసిన సూదులు, కాన్పు తేదీ రాసిచ్చింది. "నొప్పులు మొదలైతే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే దానికి పో. ఇంట్లో కనొద్దు. నా మీద కోపంతో ఆసుపత్రినే మానుకోవద్దు తల్లీ."

హేమ తలూపింది. బస్సు ఎక్కేటప్పుడు బయమ్మ భుజం పట్టుకునే ఎక్కింది.

జీపు ఒంటి గంట దాటాక వచ్చింది. అయిదుగురు మనుషులు. ఓబమ్మ ఇల్లంతా గాలించారు, మగ్గం గుంతలో కూడా దిగి చూశారు, సగం చీరను కత్తితో నిలువునా చీల్చేశారు. "కూలికి నేసేదానికి ఎవురో వచ్చిరి, నిన్న మాపటేళ పోయిరి, వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు నాకేం తెలుసు," అని ఓబమ్మ వాళ్ళ మొహం మీదే తలుపేసింది. ఆమె గుండెకు దండం పెట్టాలి.

ఆ నెల నర్సమ్మల మీటింగులో బయమ్మ లేచి నిలబడింది. జిల్లాలో అందరికన్నా చక్కగా రాసే నర్సమ్మ ఏదో గొప్ప చెప్పుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె తను చేసిన పని, ఒక్క ముక్క దాచకుండా, పేర్లు మాత్రం చెప్పకుండా చెప్పింది. మొదట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మీటింగు అయ్యాక ఒకామె పక్కకు వచ్చి, "నేను గూడా ఒకసారి ఎవురో ఫోనులో డాక్టర్నంటే ఒక పిల్ల రక్తం రిపోర్టు చదివి చెప్పినానక్కా. తర్వాత ఆ పిల్ల పెళ్ళి తప్పిపోయింది. ఇంతవరకూ ఎవురికీ చెప్పుకోలే," అని కళ్ళు ఒత్తుకుంది.

అప్పటినుంచి బయమ్మ ఫోనులో ఎవరైనా రిజిస్టర్లోని పిల్ల పేరెత్తితే చాలు, "మీరు పెట్టేయండి సార్, ఆఫీసు నంబరుకు నేనే చేస్తా" అనేది. ఒకసారి నిజంగా గంగాధరప్పే చేశాడు. "నేనే బయమ్మా, నా గొంతు తెలీదా?" అన్నాడు. "తెలుసన్నా. అయినా పెట్టెయ్," అంది. ఆయన తిట్టిన తిట్లు గోడవతల ఆంజనేయులుకు కూడా వినబడ్డాయి. తిడితే తిట్టనీ అనుకుంది.

నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం భరత్ ఎక్కడినుంచో ఫోను చేశాడు. ఊరు చెప్పలేదు, పేరు చెప్పలేదు. "ఆడబిడ్డక్కా. ఇద్దరూ బాగుండారు," అన్నాడు, పెట్టేశాడు. ఆ రోజు బయమ్మ ఆసుపత్రికి వచ్చిన వాళ్ళందరికీ, ఎందుకో చెప్పకుండా, బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

సరిగ్గా నాలుగో రోజు మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఆడగొంతు.

"నర్సమ్మా, నేను హేమ వాళ్ళమ్మనమ్మా."

అబద్ధం చెప్పే గొంతు ఎట్లా ఉంటుందో బయమ్మకు ఇప్పుడు తెలుసు. ఇది అది కాదు. ఏడ్చి ఏడ్చి గొంతులో ఇంక తడి లేని తల్లి గొంతు. హేమలాగే మాట చివర చిన్నగా సాగదీస్తోంది.

"నా బిడ్డ యాడుండాదో చెప్పొద్దు తల్లీ. నెలలు నిండినాయి కదా. కాన్పు అయిందా? అది ఒక్కటి చెప్పు చాలు."

బయమ్మ నాలుక చివరిదాకా వచ్చింది మాట. సరిగ్గా అప్పుడు, ఫోనులో దూరంగా ఒక మగగొంతు వినబడింది. "అట్ల కాదు వదినా. చచ్చిపోయిందంట కదా అని అడుగు."

ఆ మాట ఏ తల్లి నోటికి వస్తుంది? అయినా అనిపించారు. "కాన్పులో... చచ్చిపోయిందంట కదమ్మా... నా బిడ్డ."

తప్పు. అంతకన్నా పెద్ద తప్పు మాట బయమ్మ జన్మలో వినలేదు. లేదమ్మా, నిక్షేపంగా ఉంది, నీకు మనవరాలు పుట్టింది. పట్టుమని ఏడు మాటలు లేవు. అవి చెబితే ఆ తల్లి గుండె చల్లబడుతుంది. అవి చెబితే ఎక్కడో ఉందనీ, ఆ సంగతి ఈ నర్సమ్మకు తెలుసుననీ ఆ పక్కన నిలబడినవాడికి తెలుస్తుంది. బయమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. పళ్ళ కింద పెదవి తెగి ఉప్పగా తగిలింది.

"ఆ పేరుతో మా తావ ఎవురూ లేరమ్మా," అంది. "నాకేమీ తెలీదు."

అవతల ఆ తల్లి ఒక్కసారిగా గొంతెత్తి శాపనార్థాలకు దిగింది. "ఏం ఆడదానివే నువ్వు! కన్నతల్లి అడిగినా చెప్పవా! నీ గుండె రాయి గాను! ఆ రాయి అట్లే ఉండనీ, ఎప్పుడూ కరగకుండా! నీ నోరు పడిపోనూ! పడిపోయి అట్లే ఉండనీ, ఎవురడిగినా తెరుసుకోకుండా! నేనడిగినా తెరుసుకోకుండా! వింటాండావా నర్సమ్మా, నేనడిగినా సరే!"

"వింటాండానమ్మా," అంది బయమ్మ.

ఫోను తెగిపోయింది. అంత గట్టిగా తిట్టించుకుని కూడా బయమ్మ చేతులెత్తి ఆ ఫోనుకు దండం పెట్టింది. ఆంజనేయులు మందుల గది తలుపులోంచి తొంగిచూశాడు.

"ఎవురక్కా ఫోను?"

"రాంగ్ నంబరన్నా," అంది బయమ్మ, కారుతున్న కళ్ళు తుడుచుకోకుండానే.